నడుము నొప్పికి కౌన్సెలింగ్: కోర్సు పూర్తయ్యాక నా సమీక్ష

కావలిలో ఇంట్లోనే మిషన్ కుడతాను. నడుము నొప్పి ఏళ్ల నాటిది. మాత్రలు, బెల్టు, ఫిజియోథెరపీ అన్నీ వాడాక, నెల్లూరులో సైకాలజిస్ట్ దగ్గర సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే కౌన్సెలింగ్) తీసుకోమని డాక్టరు గారు చెప్పారు. "మాటలు చెప్పించుకోను నెల్లూరు దాకా పొయ్యేదేంది?" అంది మా అత్తమ్మ. కోర్సు ముగిసి ఏడాది దాటింది.

నొప్పి తగ్గిందా అంటే, కొంచెమే. ఈ వైద్యంతో కలిగే మేలు సగటున చిన్నదేనని వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్షలో ఉందని నర్సింగ్ చదివే మా అమ్మాయి చెప్పింది. నాకు మాత్రం వంగితే ఏమవుతుందో అన్న భయం పోయింది. పని మళ్లీ చేతికొచ్చింది. చివరిదాకా వెళ్లగలిగానంటే అది మా సైకాలజిస్ట్ మేడమ్ వల్లే.

అంతకుముందు కౌన్సెలింగ్ కోసం వేరే చోటికి వెళ్లాను. "టెన్షన్ తగ్గించుకోండి, నొప్పి అదే పోతుంది" అన్నారు. రాత్రిళ్లు పక్క మీద తిరగలేక ఏడ్చేదాన్ని, ఆ మాటకు ప్రాణం చివుక్కుమంది. మళ్లీ వెళ్లలేదు.

మేడమ్ మొదటి మాటే వేరు. "మీ నొప్పి నిజమేనమ్మా. మూడు నెలలు దాటిన నొప్పిలో దెబ్బ మానినా నరాలు, మెదడు ఆ నొప్పిని పెంచి చూపిస్తుండొచ్చు. భయం, నిద్రలేమి తోడైతే ఇంకా ఎక్కువవుతుంది" అన్నారు. తర్వాత ఏ పని చేయాలనుందో అడిగారు. సంక్రాంతి గిరాకీకి జాకెట్లు కుట్టాలన్నాను. ఇక ప్రతి పాఠం దాని చుట్టూనే. బాగున్న రోజు పొద్దుగూకే దాకా కుట్టి, మర్నాడు మంచానపడే అలవాటు మాన్పించారు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా గడియారం చూసి లేవాలి, నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చోవాలి. ఇప్పటికీ అలాగే చేస్తున్నాను.

"కొత్తగా కదలడం మొదలుపెడితే కొన్నాళ్లు నొప్పి పెరగొచ్చు. మానెయ్యాలనిపిస్తే ముందు నాకు చెప్పండి" అని మొదట్లోనే అన్నారు. సరిగ్గా అలాగే అయింది. నేను వెళ్లని వారం ఆవిడే ఫోన్ చేసి, కోప్పడకుండా ఏం అడ్డొచ్చిందో అడిగారు. బస్సు కుదుపులే సమస్యని తెలిశాక కొన్ని సెషన్లు వీడియో కాల్‌లో పెట్టారు. ఇంగ్లిష్ షీట్ నింపలేకపోతుంటే తెలుగులో చిన్నది రాసిచ్చారు.

లోపాలూ ఉన్నాయి. నిద్ర గురించి హడావుడిగా ముగించారు. ఇంట్లోవాళ్లను ఒక్కసారైనా పిలిచి మాట్లాడాల్సింది.

కాళ్లలో పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా దానికి కౌన్సెలింగ్ కాదు, వెంటనే ఆసుపత్రికే వెళ్లాలి. మీ నొప్పిని నమ్మనివాళ్లు తగిలితే కౌన్సెలింగే వద్దనుకోకండి, ఇంకొకరిని చూడండి. దిగులు మరీ ఎక్కువైనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. అయితే అది నొప్పి కోర్సుకు బదులు కాదు.