నల్లగొండా, పాలమూరా? ఎంబీబీఎస్ ఆప్షన్లు పెట్టే ముందు

నీట్ ర్యాంకు చూసుకుని సీటు ఖాయమనుకున్నాక ఇంట్లో మొదలయ్యే పంచాయితీ ఒకటే: ఆప్షన్లలో ఏది పైన, ఏది కింద? ఇంటికి దగ్గరిది పెట్టమని అమ్మ, కొత్త బిల్డింగు మస్తుందని మేనమామ, పట్నానికి బస్సులు ఎక్కువున్న ఊరు చూడమని పక్కింటాయన. ఈ మూడింట్లో ఒక్కటీ అసలు లెక్క కాదు.

2016కు ముందు పాత పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో సర్కారు మెడికల్ కాలేజీ ఒక్కటి లేదు. ఆ ఏడు మహబూబ్‌నగర్ మొదలైంది. 2019లో నల్లగొండ, సూర్యాపేట వచ్చాయి. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్; 2024లో గద్వాల, నారాయణపేట, భువనగిరి. ప్రైవేటులో 1999 నుంచి నడుస్తున్నవి రెండు, నార్కట్‌పల్లి కామినేని, మహబూబ్‌నగర్ ఏనుగొండలోని ఎస్‌వీఎస్. బీబీనగర్ ఎయిమ్స్ సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

సర్కారు కాలేజీల్లో కన్వీనర్ కోటా (రాష్ట్ర కౌన్సెలింగ్‌లో తక్కువ ఫీజుకు వచ్చే సీట్లు) ట్యూషన్ ఫీజు ఎక్కడైనా ఏడాదికి 10,000 రూపాయలే. పరీక్ష పెట్టేదీ పట్టా ఇచ్చేదీ వరంగల్‌లోని కాళోజీ యూనివర్సిటీయే. మహబూబ్‌నగర్‌లో చదివినా గద్వాలలో చదివినా చేతికొచ్చే కాగితం ఒకటే. తేడా అంతా కాలేజీ వెనకున్న దవాఖానలో ఉంటుంది.

జాతీయ మెడికల్ కమిషన్ 2023 నిబంధనల్లో 50 సీట్ల కాలేజీకి 220 పడకలు, 100 సీట్లకు 420, 150 సీట్లకు 605 ఉండాలని రాసి ఉంది. 2019లో 150 సీట్లతో మొదలైన నల్లగొండ, సూర్యాపేటలకూ, 2024లో 50 సీట్లతో మొదలైన గద్వాల, నారాయణపేటలకూ తేడా ఈ అంకెల్లోనే ఉంది. చిన్న బ్యాచ్ అయితే సార్ల చూపు ఎక్కువ పడుతుందని కొందరంటారు. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ వరకు అది నిజమే. రెండో ఏడాది వార్డుల్లోకి దిగాక మాత్రం నేర్పేది రోగులే. నిన్నమొన్నటిదాకా జిల్లా, ఏరియా స్థాయిలో ఉన్న ఆసుపత్రికి బోర్డు మారినంత తొందరగా స్పెషలిస్టులు రారు. మత్తు డాక్టరు ఒక్కరే ఉండి ఆయన సెలవు పెడితే ఆ రోజు ఆపరేషన్ల లిస్టు మొత్తం వాయిదా. సర్జరీ పోస్టింగులో ఉన్న పిల్లలకు ఆ వారం థియేటర్ గడప వరకే.

దీనికి రెండో ముఖం కూడా ఉంది. పీజీలు, అంటే ఎంబీబీఎస్ అయ్యాక పైచదువు చదివే డాక్టర్లు, నిండుగా ఉన్న పాత కాలేజీలో కుట్లు వేయడం, వెన్నులోంచి నీరు తీయడం, ట్యూబు వేయడం అన్నీ ముందు వాళ్ళ చేతికే పోతాయి. చదువు చివర్లో వార్డుల్లో పనిచేసే ఇంటర్న్‌కు మిగిలేది రక్తం నమూనాలు మోయడం, కేస్ షీట్లు నింపడం. పీజీలు లేని కొత్త కాలేజీలో చేతికి పని బాగా తగులుతుంది. కానీ అర్ధరాత్రి తప్పు చేస్తే సరిదిద్దే మనిషి పక్కన ఉండడు. మా లెక్కలో మధ్యస్థంగా ఉన్నవే మేలు: నాలుగైదు బ్యాచ్‌లు బయటికెళ్ళి, పీజీలు కొద్దిగా మొదలైనవి. ఆ కోణంలో మొదటి ఓటు మహబూబ్‌నగర్‌కు. 2016 నుంచి నడుస్తోంది కాబట్టి మొదట్లో ఉండే లోటుపాట్లు చాలావరకు సర్దుకున్నాయి. ఆ వెనకే నల్లగొండ, సూర్యాపేట.

ఆప్షన్లు పెట్టకముందు ఒక రోజు ఖర్చు చేసి కాలేజీ బిల్డింగును కాకుండా దవాఖానను చూసి రండి. సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఓపీ చీటీల కిటికీ దగ్గర నిలబడండి. చీటీ మీద వరుస నంబరు ఉంటుంది. పదకొండింటికి మళ్ళీ చూస్తే రెండు గంటల్లో ఎందరొచ్చారో తెలిసిపోతుంది. తర్వాత ప్రసూతి వార్డు. నిన్న ఎన్ని కాన్పులయ్యాయో, అందులో ఆపరేషన్లెన్నో అక్కడి నర్సమ్మను అడిగితే చెబుతుంది. మధ్యాహ్నం రెండింటికి జనరల్ మెడిసిన్ వార్డులో నడవండి. పడకలు సగం ఖాళీగా ఉన్నాయంటే ఆ దవాఖాన రోగుల్ని పట్నానికి రాసి పంపేస్తోందని అర్థం. సీటీ స్కాన్ గది ముందు జనముంటే మిషన్ నడుస్తోంది, తలుపుకు తాళముంటే కారణం అడగండి. ఇంకొక్క మాట అడగాలి: రాత్రి క్యాజువాలిటీలో సర్జన్ ఉంటాడా, ఫోన్ చేస్తే ఇంటి నుంచి వస్తాడా?

ఈ ప్రాంతపు దవాఖానలకు ఒక విషయంలో పట్నం పెద్దాసుపత్రులు కూడా సాటిరావు. వానాకాలం పొలం పనులు మొదలైతే పాము కాటు కేసులు వరసపెట్టి వస్తాయి. రక్తపింజర కాటా కాదా తేల్చే పరీక్షకు మిషన్ అక్కర్లేదు. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రంగా ఉన్న పొడి గాజు ట్యూబులో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారితే విషం రక్తంలో పనిచేస్తున్నట్టే. ట్యూబు ప్లాస్టిక్‌దైనా, సబ్బు పౌడరుతో కడిగిందైనా ఫలితం తప్పుగా వస్తుంది. ఇది పుస్తకంలో ఒక పేరా. క్యాజువాలిటీలో పదిసార్లు చేసిన ఇంటర్న్ మాత్రం అలాంటి పనికిరాని ట్యూబును చూడగానే పక్కన పెట్టేస్తాడు. పత్తి చేన్ల జిల్లాలు కాబట్టి పురుగుమందు తాగినవాళ్ళూ ఎక్కువే. విరుగుడు మందు అట్రోపిన్ ఎంత ఇవ్వాలో కంటిపాపను బట్టి కాదు, ఛాతీలో గురగుర ఆగిందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చాలని చేత్తో నేర్చుకునేది ఇక్కడే. నల్లగొండ వైపైతే మర్రిగూడ, మునుగోడు పల్లెల నుంచి ఫ్లోరోసిస్‌తో వెన్ను బిగుసుకుపోయిన పెద్దవాళ్ళు ఇప్పటికీ వస్తారు. ఇళ్ళకు నది నీళ్ళు వచ్చాక పిల్లల్లో తగ్గింది కానీ ఆ ఎక్స్‌రేలు చూడాలంటే ఈ జిల్లాకే రావాలి. విజయవాడ హైవే మీదున్న నార్కట్‌పల్లి, సూర్యాపేటల్లో రోడ్డు ప్రమాదాల కేసులు రాత్రింబగళ్ళు ఉంటాయి.

ప్రైవేటు సంగతి డబ్బు సంగతే. సీట్లలో సగం 'ఎ' (A) కేటగిరీవి, అవి కన్వీనర్ కోటాలోనే నిండుతాయి. ఇన్నాళ్ళూ నడిచిన ఫీజు ఏడాదికి 60,000. అంటే సర్కారు సీటుకు పైన ఏడాదికి అర లక్ష, దాని మీద హాస్టల్. కొత్త యాభై సీట్ల సర్కారు కాలేజీకీ, 1999 నుంచి నడుస్తున్న ప్రైవేటు కాలేజీలో 'ఎ' కేటగిరీ సీటుకూ మధ్య తేల్చుకోవాల్సి వస్తే, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే పిల్లలు రెండోదే పైన పెట్టాలని మా అభిప్రాయం. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ మాత్రం అక్కడి సీనియర్లను అడిగి తెలుసుకోండి. సర్కారు కాలేజీల్లో 2025లో పెంచాక అది నెలకు ముప్పై వేలకు దగ్గర్లో ఉంది. ప్రైవేటులో ఎంతిస్తారో, అసలు చేతికి ఇస్తారో లేదో కాలేజీని బట్టి. బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) ఏడాదికి పది లక్షలు దాటుతుంది. పొలం అమ్మి కట్టేవాళ్ళు ఆ డబ్బుతో తర్వాత పీజీ కూడా ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఎయిమ్స్. మన గడ్డ మీదే ఉన్నా స్థానిక కోటా లేదు. సీట్లన్నీ ఢిల్లీలోని ఎంసీసీ (దేశమంతటికీ కౌన్సెలింగ్ జరిపే కేంద్ర కమిటీ) కౌన్సెలింగ్‌లోనే. కాళోజీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఎంత వెతికినా కనబడదు. చాలా ఇళ్ళల్లో జరిగే పొరపాటు ఇదే: మంచి ర్యాంకు వచ్చి కూడా ఎంసీసీలో రిజిస్టర్ కారు. అక్కడ ఆలిండియా కోటాకు జనరల్ వాళ్ళకు 1,000 ఫీజు, 10,000 డిపాజిట్. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 500, 5,000. డీమ్డ్ యూనివర్సిటీలు కూడా టిక్కు పెడితే డిపాజిట్ రెండు లక్షలవుతుంది, చూసుకుని పెట్టండి. మొదటి రౌండ్‌లో సీటొస్తే చేరకపోయినా నష్టం లేదు. రెండో రౌండ్‌లో వదిలేస్తే డిపాజిట్ పోతుంది. మూడో రౌండ్‌లో చేరితే ఇక బయటికి రాలేరు, రాష్ట్ర కౌన్సెలింగ్ తలుపు కూడా మూసుకుంటుంది.

రాష్ట్ర కౌన్సెలింగ్‌లో ఆప్షన్ల వరస ర్యాంకును బట్టి పెట్టకండి, ఇష్టాన్ని బట్టి పెట్టండి. "మన ర్యాంకుకు ఉస్మానియా ఎక్కడొస్తది" అని దాన్ని తీసేస్తే వచ్చే లాభమేమీ లేదు. కంప్యూటర్ పైనుంచి కిందికి చూసుకుంటూ దొరికిన మొదటిది ఇస్తుంది. పైన పది అందనివి పెట్టినా కిందిదానికి మీ హక్కు తగ్గదు. అసలు ప్రమాదం కిందనే: చేరే ఉద్దేశం లేని కాలేజీని "ఊరికే" చివర్న పెట్టడం. అదే అలాట్ అయి చేరకపోతే తర్వాతి రౌండ్లకు అర్హత పోతుంది. చేరాక పైదానికి మారాలనుకుంటే, రెండో విడతలో ఇప్పుడున్నదానికంటే మంచివి మాత్రమే పెట్టాలి. మారితే పాత సీటు అక్కడికక్కడే రద్దవుతుంది, మళ్ళీ కావాలన్నా రాదు.

సరిహద్దు ఊళ్ళవాళ్ళు దీన్ని రెండుసార్లు చదవండి. 2024 జీవో 33 ప్రకారం స్థానికులు కావాలంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరసగా నాలుగేళ్ళు తెలంగాణలోనే చదివి ఉండాలి. కోదాడ, హుజూర్‌నగర్ పిల్లల్ని కార్పొరేట్ ఇంటర్ అని విజయవాడలో వేయడం, అలంపూర్ పిల్లల్ని తుంగభద్ర దాటి కర్నూలు పంపడం, నారాయణపేట నుంచి రాయచూరు పంపడం పాత అలవాట్లు. తల్లిదండ్రుల ఉద్యోగ బదిలీ వంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఆ రెండేళ్ళు సీటునే తీసుకుపోతాయి. పిల్ల ఇంకా పదోతరగతిలో ఉంటే నిర్ణయం ఇప్పుడే తీసుకోవాలి, నీట్ రాశాక కాదు.

రాకపోకల గురించి నాలుగు ముక్కలు. మహబూబ్‌నగర్, గద్వాల, నల్లగొండలకు రైలుంది. సూర్యాపేట, నాగర్‌కర్నూల్‌లకు లేదు, బస్సే. వనపర్తి రోడ్ స్టేషన్ పేరు చూసి మోసపోకండి, దిగాక ఊరికి ఇంకా చాలా దూరముంది. మహబూబ్‌నగర్‌లో కాలేజీ ఎదిర వైపు, దవాఖాన ఊళ్ళో. నల్లగొండలోనూ కొత్త కాలేజీ ఎస్‌ఎల్‌బీసీ దగ్గర, దవాఖాన వేరేచోట. రెండో ఏడాది నుంచి రోజూ ఈ రెండింటి మధ్య తిరగాలి. కాలేజీ బస్సు ఎన్ని గంటలకుందో, తప్పిపోతే ఆటోకు ఎంతవుతుందో సీనియర్లను అడగండి. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు.

అలాట్‌మెంట్ వచ్చాక గడువు నాలుగైదు రోజులే ఉంటుంది. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం, ఆదాయం కాగితాలు ముందే చేతిలో ఉండాలి. ఆదాయం, ఈడబ్ల్యూఎస్ పత్రాలు ఈ ఏడాదివే కావాలి కాబట్టి నీట్ ఫలితాలకు ఎదురుచూడకుండా మే నెలలోనే మీసేవలో పెట్టండి. జూలైలో ఆ కౌంటర్ దగ్గర క్యూ ఓపీ క్యూను మించుతుంది.