ఇంట్లో కట్టుకున్న బైకు: నాలుగేళ్ళు, 26 వేల కిలోమీటర్లు నడిపాక

ఈ బండి రోడ్డెక్కి నాలుగేళ్ళు దాటింది. మీటరు 26 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. పని మొదలుపెట్టిన రోజున నాకు వెల్డింగ్ హోల్డర్ పట్టుకోవడం కూడా రాదు. బండి పూర్తయిన మర్నాడే రాసే సమీక్షలు చాలా చదివాను. అప్పుడు పెయింటు మెరుస్తుంటుంది, ఏ అతుకూ ఇంకా దెబ్బ తినదు, అన్నీ బాగున్నట్టే ఉంటాయి. ఏది నిలిచిందో, ఏది విరిగిందో, ఏ పనిముట్టు ఇంకా చేతిలో ఉందో తెలిశాకే రాయాలని ఇన్నాళ్ళు ఆగాను.

తీసుకున్నది పాత సింగిల్ సిలిండర్ బండి. గాలికి చల్లబడే ఇంజిన్, కార్బురేటర్, వెనక రెండు షాక్‌లు. హ్యాండిల్ తిరిగే మెడ భాగం, ఇంజిన్ మౌంటింగులు, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) కంపెనీ చేసినట్టే వదిలేశాను. సీటు కింద గొట్టాలు కోసి కొత్త లూప్ (సీటును మోసే వంపు గొట్టం) కట్టడం, సీటు రేకు, బ్యాటరీ ట్రే, మడ్‌గార్డు పట్టీలు, వైరింగ్ నా పని. మొదటిసారి చేసేవాళ్ళు ఇంతకు మించి చెయ్యి పెట్టకూడదని నాలుగేళ్ళ తర్వాత కూడా అంటాను. హ్యాండిల్ తిరిగే ఇరుసు గీతను నేలదాకా పొడిగిస్తే అది తగిలే చోటుకీ, ముందు టైరు నేలను తాకే చోటుకీ మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. మామూలు బళ్ళలో అది దాదాపు 90 నుంచి 110 మిల్లీమీటర్లు ఉంటుంది. మెడ ఒక్క డిగ్రీ తేడాగా కూర్చుంటే అందులో ఐదారు మిల్లీమీటర్లు మారిపోతుంది. ట్రెయిల్ మరీ తగ్గితే బండి వేగంలో నిలకడగా ఉండదు. సీటు లూప్ విరిగితే సీటు కిందికి దిగుతుంది. మెడ దగ్గర అతుకు విరిగితే ప్రాణం పోతుంది.

ముందు వెల్డింగ్ మెషీన్ సంగతి. 200 ఆంపుల ఇన్వర్టర్ ఆర్క్ మెషీన్ కొన్నాను. దాని మీద ‘200 ఆంపుల దగ్గర 60 శాతం’ అని రాసి ఉంటుంది. అంటే ఆ కరెంటులో పది నిమిషాలకు ఆరు నిమిషాలే వెల్డ్ చేయాలి, మిగతా నాలుగు నిమిషాలు మెషీన్ చల్లబడాలి. బైకు పనికి అంత కరెంటు ఎప్పుడూ అవసరం రాలేదు. 2.5 మిల్లీమీటర్ల 6013 రకం వెల్డింగ్ రాడ్డుతో 65 నుంచి 80 ఆంపుల్లోనే అంతా అయిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వేడెక్కి ఆగిపోలేదు. మార్చింది ఎర్త్ క్లాంప్ (కరెంటు తిరిగి వెళ్ళడానికి లోహానికి తగిలించే పట్టు) ఒక్కటే. మెషీన్‌తో ఇచ్చిన క్లాంప్ స్ప్రింగు వదులై సరిగ్గా పట్టేది కాదు, ఆర్క్ తడబడేది. చెయ్యి కుదరక అలా అవుతోందని మూడు వారాలు అనుకున్నాను. ఇత్తడి క్లాంప్ పెట్టాక ఆ తడబాటు పోయింది. కొత్త మెషీన్ తెచ్చుకున్నవాళ్ళు మొదటి రోజే ఈ పని చేయండి.

ఈ మెషీన్‌కి ఇబ్బంది పల్చటి గొట్టం దగ్గర వస్తుంది. 1.6 మిల్లీమీటర్ల గోడ ఉన్న గొట్టం మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగితే రంధ్రం పడుతుంది. లూప్‌కి 2 మిల్లీమీటర్ల గోడ ఉన్న గొట్టం తీసుకున్నాను, కాస్త బరువు పెరిగినా పని నమ్మకంగా సాగింది. సీటు రేకు ఈ మెషీన్‌తో వీలు కాదు. రెండో ఏడు 0.8 మిల్లీమీటర్ల వైరుతో నడిచే చిన్న మిగ్ మెషీన్ (రాడ్డు బదులు వైరును తనంతట తానే అందించే వెల్డింగ్ మెషీన్) తీసుకున్నాక రేకు పని హాయి అయింది. ‘మొదట్నుంచీ మిగ్ ఎందుకు కొనలేదు’ అని అడుగుతుంటారు. మిగ్‌లో లోహం లోపలికి దిగకపోయినా పైన వెల్డ్ వరస అందంగా పడుతుంది. నేర్చుకునేవాడు ఆ అందం చూసి మోసపోతాడు. ఆర్క్‌లో తప్పు చేస్తే కంటికే కనిపిస్తుంది. రాడ్డు అతుక్కుంటుంది, స్లాగ్ (వెల్డ్ మీద గట్టిపడే పెంకు) లోపల ఇరుక్కుంటుంది, వరస కోతిగెంతులు వేస్తుంది. స్లాగ్ సుత్తితో తట్టకముందే దానంతటదే పొరలా లేచి ఊడిపోయిందంటే చెయ్యి కుదిరినట్టే.

నాకు అలా కుదరడానికి రెండు నెలలు, ఐదు కిలోల రాడ్లు పట్టాయి. తుక్కు గొట్టాలు అతికించడం, వైస్‌లో బిగించి సుత్తితో విరిగేదాకా కొట్టడం, విరిగిన చోట చూడటం, అదే చదువు. అతుకు మధ్యలో విరిగితే, లోపల నల్లటి మచ్చలుంటే ఆ వెల్డ్ పనికిరాదు. అతుకు నిలబడి పక్కన గొట్టం వంగితే పనికొస్తుంది. వరసగా పది ముక్కలు గొట్టం దగ్గరే వంగాకే బండి ఫ్రేము మీద ఆర్క్ వెలిగించాను.

ఇప్పుడు ఈ నాలుగేళ్ళలో నేను నిజంగా నేర్చుకున్న విషయం. అతుకు బలం చాలావరకు ఆకురాయి దగ్గరే తేలిపోతుంది. గొట్టానికి గొట్టం అడ్డంగా అతకాలంటే ఒక కొసను చేప నోరులా కోయాలి. కాగితం మీద గీసి, గొట్టానికి చుట్టి, గీత గీసుకుని, గ్రైండర్‌తో ముతకగా కోశాక సగం గుండ్రం ఆకురాయితో కూర్చోవాలి. నాలుగు రుద్దులు రుద్దడం, రెండో గొట్టం మీద పెట్టి వెనక నుంచి టార్చి వేయడం. వెలుతురు ఎక్కడ తొంగిచూస్తే దాని పక్కన తగిలే చోట ఇంకాస్త రుద్దడం. ఒక్కో కొసకు గంట పట్టేది. ఓపిక ఉన్న రోజు వెలుతురు పూర్తిగా ఆగేదాకా రుద్దాను. తొందర పడిన రోజు ‘రెండు మిల్లీమీటర్ల సందే కదా, రాడ్డుతో నింపేద్దాం’ అనుకున్నాను. సందు లేకుండా కూర్చోబెట్టిన అతుకులన్నీ ఈ రోజుకీ చెక్కుచెదరలేదు. విరిగినవి మూడు, మూడూ రాడ్డుతో నింపినవే.

మొదట పోయింది నంబర్ ప్లేటు పట్టీ, 2,800 కిలోమీటర్ల దగ్గర. తర్వాత బ్యాటరీ ట్రే, 7 వేలు దాటాక. సింగిల్ సిలిండర్ ఇంజిన్ అదురు ఎప్పుడూ ఒకే చోట దెబ్బ మీద దెబ్బ వేస్తుంది. ట్రే విషయంలో సందు నింపడం కాక నేను చేసిన తప్పులు ఇంకో రెండున్నాయి. 3 మిల్లీమీటర్ల పట్టీ కొసను పదునైన మూలగానే వదిలేసి గొట్టానికి అతికాను, అదురంతా ఆ మూల మీదే పడింది. పైగా వెల్డ్ అందంగా కనిపించాలని గ్రైండర్‌తో నున్నగా అరగదీశాను. బలం ఇచ్చే మందమే పోయింది. రెండోసారి చేసినప్పుడు పట్టీ కొసలు గుండ్రంగా తీశాను, కింద చిన్న త్రికోణపు పట్టీ అతికాను, బ్యాటరీ కింద రబ్బరు బుష్‌లు పెట్టాను, వెల్డ్‌ని ముట్టుకోలేదు. 19 వేల కిలోమీటర్లుగా అది కదలలేదు.

సీటు లూప్ గొట్టాన్ని ఫ్రేము గొట్టానికి నేరుగా అంటించలేదు. లోపల బిగుతుగా పట్టే 100 మిల్లీమీటర్ల లోగొట్టం పెట్టి, బయటి గొట్టాలకు 8 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, ఆ రంధ్రాల్లోంచి లోగొట్టానికి వెల్డ్ నింపి, తర్వాత చుట్టూ వరస వేశాను. ఆరు నెలలకోసారి ఈ అతుకుల మీద ఎర్ర డై పరీక్ష చేస్తాను. పెయింటు తీసి శుభ్రం చేసిన చోట ఎర్ర ద్రవం చల్లి, కొంతసేపు ఆగి, గుడ్డతో పూర్తిగా తుడిచి, పైన తెల్ల డెవలపర్ చల్లాలి. పగులు ఉంటే తెల్లటి పూత మీద వెంట్రుకంత ఎర్ర గీత తేలుతుంది. ట్రే దగ్గర ఆ గీత తేలినప్పుడు నా గుండె ఝల్లుమంది. లూప్ మీద ఇప్పటిదాకా ఒక్క గీత రాలేదు. ఫ్రేముకు లేత బూడిద రంగు వేయడం కూడా కలిసొచ్చింది. ఎక్కడైనా పగిలితే తుప్పు గీత దూరం నుంచే కనిపిస్తుంది.

వెల్డ్ చల్లారుతూ తనవైపుకి లాగుతుందని చదివాను కానీ నమ్మలేదు. మొదటి లూప్‌కి ఒక పక్క మొత్తం వరస వేసి, తర్వాత రెండో పక్కకి వెళ్ళాను. చల్లారాక కొలిస్తే లూప్ ఎడమకి 4 మిల్లీమీటర్లు వచ్చింది. కోసి మళ్ళీ చేశాను. రెండోసారి నాలుగు వైపులా చుక్కలు (కదలకుండా పట్టే చిన్న చిన్న వెల్డులు) వేసి, రసమట్టం పెట్టి చూసి, మూలమట్టంతో సరిచూసి, అటు ఒక అంగుళం, ఇటు ఒక అంగుళం వేసుకుంటూ పోయాను. అర మిల్లీమీటరు కూడా జరగలేదు. లూప్ బిగించే ముందు షాక్‌ల స్ప్రింగులు తీసి వెనక చక్రాన్ని పూర్తిగా పైకి లేపి చూడటం మర్చిపోవద్దు. టైరు సీటుకి తగులుతుందా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది.

బండి మీద వెల్డ్ చేసే ప్రతిసారీ బ్యాటరీ తీగలు, సీడీఐ (ప్లగ్గుకు స్పార్కు ఇచ్చే ఎలక్ట్రానిక్ పెట్టె) కనెక్టర్ ఊడదీస్తాను. ఎర్త్ క్లాంప్‌ని అతుకు పక్కనే పెడతాను. చక్రానికి పెడితే కరెంటు బేరింగుల్లోంచి వెళ్ళి వాటిని పాడు చేస్తుంది.

ఆటో డార్క్ హెల్మెట్ (ఆర్క్ వెలగగానే అద్దం తనంతట తానే నల్లబడేది) బాగా పనిచేసింది. అద్దం ఎంత నల్లబడాలో చెప్పే షేడు అంకె 10, 11 మధ్య వాడతాను. రెండేళ్ళకు బ్యాటరీ నీరసించి అద్దం ఒక్కోసారి ఆలస్యంగా నల్లబడేది, వెంటనే బ్యాటరీ మార్చాను. చుక్క వెల్డే కదా అని ఒకసారి హెల్మెట్ లేకుండా కళ్ళు మూసుకుని వేశాను. ఆ రాత్రంతా కళ్ళల్లో ఇసుక పోసినట్టుంది, తెల్లారేదాకా నిద్ర లేదు. ఇంకా భయపడాల్సినవి ఉన్నాయి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట ఆర్క్ వెలిగిస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. జింకు పూత ఉన్న గొట్టం పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది. పెట్రోలు ట్యాంకు ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉన్నా దాని మీద ఇంట్లో వెల్డింగ్ చేయకూడదు, లోపల మిగిలిన ఆవిరి చాలు పేలడానికి. నా ట్యాంకు చొట్టను నేను ముట్టుకోలేదు. గ్రైండర్ గార్డు ఏ రోజూ తీయలేదు. డిస్క్ మధ్య లోహపు రింగు మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటిన డిస్కులు పారేస్తాను.

నడపడానికి ఎలా ఉందంటే, బండి 11 కిలోలు తగ్గింది, మలుపుల్లో ఆ తేడా తెలుస్తుంది. సీటు మాత్రం 60 కిలోమీటర్లు దాటాక గట్టిగా అనిపిస్తుంది. ఫోమ్ రెండుసార్లు మార్చినా తీరలేదు, ఎందుకంటే రేకు మరీ చదునుగా చేశాను. పొట్టి మడ్‌గార్డు చూడ్డానికి బాగుండేది, మొదటి వానకే బురదంతా వీపు మీద పడింది. ఇప్పుడు పొడవుది వేశాను. ఫ్రేము కోసే ముందే మీ దగ్గర రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ నిబంధనలు కనుక్కోండి. కోశాక కనుక్కుంటే చేయగలిగేది ఏమీ ఉండదు.

విరిగిన అతుకుల్లో మూడోది పోయిన నెల పగిలింది, సైడ్ స్టాండ్ పట్టీ. అప్పట్లో ఆ సందు రాడ్డుతో నింపిన సాయంత్రం నాకింకా గుర్తుంది. పాత పట్టీ కోసేసి గొట్టం నున్నగా చేశాను. కొత్త పట్టీ వైస్‌లో ఉంది. నిన్నటికి మూడు వైపులా వెలుతురు ఆగింది, నాలుగో వైపు ఇంకా రుద్దాలి.