అమెరికా మాజీ సైనికుల సర్వీస్ డాగ్ బెనిఫిట్: 5కి 3.5

మా బావ అమెరికా ఆర్మీలో చేసి, కాలు దెబ్బతిని బయటికొచ్చాడు. ఉండేది టెక్సాస్‌లో, తోడు ఒక లాబ్రడార్. అది సర్వీస్ డాగ్, అంటే వికలాంగులకి పనుల్లో సాయపడేలా ట్రైనింగ్ ఇచ్చిన కుక్క. కాగితాలంటే ఆయనకి చిరాకు కాబట్టి అక్కడి మాజీ సైనికుల శాఖ, అదే వీఏ, రూల్స్ అన్నీ విజయవాడలో కూర్చుని నేనే చదివిపెట్టాను.

మనవాళ్లు చాలామంది అనుకుంటున్నట్టు వీఏ కుక్కని కొనివ్వదు. 2012 నాటి రూల్ ప్రకారం చూపు, వినికిడి, నడక వీటిలో ఏదో ఒక ఇబ్బందికి కుక్క అవసరమని వీఏ డాక్టర్ తేల్చాలి, ఆ ఫైలు చూసేదేమో కృత్రిమ కాళ్లు, చేతులు ఇచ్చే విభాగం. ఇది నాకు భలే నచ్చింది, పెంపుడు జంతువు లెక్కలో కాదన్నమాట.

అక్కణ్ణుంచి కుక్క ఇన్సూరెన్స్ ప్రీమియం వాళ్లే కడతారు. జబ్బుచేస్తే వైద్యం, టీకాలు, డాక్టర్ రాసిన మందులు, ఏడాదికోసారి మత్తిచ్చి చేసే పళ్ల చికిత్స అందులోనే. కుక్క వీపుకి కట్టే హార్నెస్, దాని రిపేర్లు కూడా. వీడియో కాల్‌లో చూశాను, మెట్లెక్కేటప్పుడు బావ ఆ హార్నెస్ పిడి పట్టుకుంటే, ఆయన రెండో కాలు పైమెట్టు మీద పడేదాకా అది నాలుగు కాళ్లూ బిగబట్టి నిలబడుతుంది.

తిండి, స్నానాలు, గోళ్లు తీయించడం, ఊరెళ్తే ఎక్కడైనా వదిలే ఖర్చు మాత్రం మన జేబులోంచే. ఇదంతా విని సత్యనారాయణపురంలో మా బాబాయ్, మన ఆర్మీలో నాయక్‌గా రిటైరైన మనిషి, "ఈసీహెచ్‌ఎస్ (మన మాజీ సైనికుల వైద్య పథకం) కార్డుకి మీ పిన్ని పేరు ఇచ్చాను గానీ మన టామీగాడి పేరు ఇవ్వాలని తట్టలేదురా" అని ఒకటే నవ్వు.

నేను మార్కులు కోసింది శిక్షణ దగ్గర. సర్వీస్ డాగ్‌ల, గైడ్ డాగ్‌ల శిక్షణ సంస్థలకి గుర్తింపిచ్చే అంతర్జాతీయ సంఘాలు ఏడీఐ, ఐజీడీఎఫ్‌లలో ఒకదాని గుర్తింపున్న సంస్థలో ట్రైనింగ్ పూర్తిచేసిన కుక్కకే ఈ బెనిఫిట్. ఇంట్లో సొంతంగా నేర్పించుకుంటే ఎంత బాగా పనిచేసినా పైసా రాదు. అదే కుక్కని హోటల్లోకి రానివ్వాలని అక్కడి వికలాంగుల చట్టం చెప్తుంది, సర్టిఫికెట్ కూడా అడగకూడదంటుంది! ఒకే దేశంలో ఒకే కుక్కకి రెండు కొలతలేంటో. ఆన్‌లైన్‌లో డబ్బుకి అమ్మే సర్టిఫికెట్లయితే రెండిట్లో దేనికీ పనికిరావు, కొనకండి.

యుద్ధం తాలూకు మానసిక గాయాలున్నవాళ్ల కోసం 2021లో వేరే చట్టం వచ్చింది. అయిదేళ్ల ప్రయోగాత్మక కార్యక్రమం, అయిదే వీఏ కేంద్రాలు, వాటిలో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో ఒకటి. అక్కడ మాజీ సైనికులే కుక్కపిల్లలకి ట్రైనింగ్ ఇస్తారు, అదే వాళ్లకి చికిత్స. ఐడియా బాగుంది, కానీ అంత పెద్ద దేశానికి అయిదేంటి?

మీవాళ్లెవరైనా అక్కడుండి ఇంకా కుక్కని తెచ్చుకోకపోతే ముందు వీఏ డాక్టర్‌తో రాయించుకోమనండి, సంస్థకి అప్లై చేయడం ఆ తర్వాతే. వరస అలా ఉంటే కుక్కని తెచ్చుకోవడానికి వెళ్లొచ్చే ప్రయాణ ఖర్చు కూడా అడగొచ్చు.