క్రాస్‌మ్యాచ్‌కు జెల్ కార్డులు: ఒక టెక్నీషియన్ సమీక్ష

రక్తం ఎక్కించే ముందు రోగి రక్తానికీ దాత రక్తానికీ పొసగుతుందో లేదో తేల్చే క్రాస్‌మ్యాచ్ పరీక్షను మా బ్లడ్ సెంటర్‌లో చాలాకాలం గాజు ట్యూబుల్లోనే చేశాం. ఇప్పుడు జెల్ కార్డులు, అంటే జెల్ నింపిన సన్నని గొట్టాలున్న కార్డులు, వాడుతున్నాం. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న చిన్న కేంద్రాలవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. పని జరిగే తీరు దాదాపు అన్ని కంపెనీల కార్డుల్లోనూ ఒకటే కనుక పేర్ల జోలికి వెళ్ళడం లేదు.

ట్యూబు పద్ధతిలో రోగి సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) దాత ఎర్రకణాలు కలిపి, 37 డిగ్రీల వేడిలో ఉంచి, సెలైన్‌తో కనీసం మూడుసార్లు కడిగి, కూంబ్స్ సీరం (యాంటీబాడీలు అంటుకున్న ఎర్రకణాలను గుంపు కట్టించే ద్రవం) వేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక, ట్యూబును వెలుతురుకు పట్టి మెల్లగా తడుతూ అడుగునున్న కణాలు విడిపోతున్నాయా, గుంపుగా లేస్తున్నాయా అని చూడాలి; గుంపు కడితే పొసగనట్టు. చిక్కంతా ఈ తట్టడంలోనే ఉంది. కాస్త గట్టిగా తడితే బలహీనమైన గుంపులు విడిపోయి, సరిపడని యూనిట్ (రక్తపు సంచి) సరిపడినట్టు కనబడుతుంది. కడగడం సరిగా లేకపోతే మిగిలిన సీరం కూంబ్స్ సీరాన్ని పనిచేయనివ్వదు కాబట్టి, నెగటివ్ వచ్చిన, అంటే గుంపు కట్టని, ప్రతి ట్యూబులోనూ యాంటీబాడీ ముందే అంటించిన కంట్రోల్ కణాలు వేసి మళ్ళీ చూసుకోవాలి. రాత్రి డ్యూటీలో ఒక్కరే ఉండగా, ప్రసూతి వార్డు నుంచి ఫోను మీద ఫోను వస్తుంటే ఇదంతా తు.చ. తప్పకుండా చేయడం మాటలు కాదు.

1980లలో ఫ్రాన్స్‌లో ఈవ్ లాపియేర్ రూపొందించిన జెల్ పద్ధతి ఈ తట్టడాన్నీ, కడగడాన్నీ తీసేసింది. కార్డులో సాధారణంగా ఆరు సన్నని గొట్టాలుంటాయి. వాటి జెల్‌లో కూంబ్స్ సీరం ముందే కలిపి ఉంటుంది. మేము వాడే కార్డులో 0.8 శాతం కణాల ద్రవం 50 మైక్రోలీటర్లు, దానిపై రోగి సీరం 25 మైక్రోలీటర్లు వేసి, 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచి, 10 నిమిషాలు తిప్పితే సరిపోతుంది. పొసిగితే కణాలన్నీ గొట్టం అడుగుకు దిగి చిన్న ఎర్రటి బొట్టుగా నిలుస్తాయి. పొసగకపోతే జెల్ పైనే గీతగా ఆగిపోతాయి; ప్రతిచర్య బలహీనమైతే మధ్యలో చుక్కలు చుక్కలుగా చిక్కుకుంటాయి. నా దృష్టిలో కార్డు అసలు విలువ ఇక్కడుంది: సందేహం వస్తే అదే గొట్టాన్ని తరువాతి డ్యూటీవారూ, డాక్టరుగారూ చూడగలరు. ట్యూబులోనైతే చూసినవారి మాటే సాక్ష్యం.

నెలనెలా రక్తం ఎక్కించుకునే తలసేమియా పిల్లల విషయంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. పలువురు దాతల కణాలు ఒంట్లోకి వెళ్ళడం వల్ల వారిలో కొందరికి ఎర్రకణాల పైనుండే కెల్, ఆర్‌హెచ్ వర్గాల యాంటిజెన్లనే గుర్తులపై యాంటీబాడీలు పుడతాయి. గ్రూపు కలిసినా యూనిట్ కలవదు. అలాంటి ఒక బాబు నమూనాలో జెల్ మధ్యన కనబడిన నాలుగైదు చుక్కలు చూసి యూనిట్ మార్చాం. ఓ కణాల మీద ఉండే హెచ్ యాంటిజెన్ కూడా లేని అరుదైన బాంబే గ్రూపు రోగి అయితే గ్రూపు పరీక్షలో ఓ గానే తేలి, క్రాస్‌మ్యాచ్‌లో ఏ ఓ యూనిట్ పెట్టినా పైన మందపాటి గీతే వస్తుంది. 1952లో బొంబాయిలో వెలుగులోకి వచ్చిన గ్రూపు ఇది.

లోపాలూ ఉన్నాయి. ఖర్చు ఎక్కువ, ఈ కార్డులకు తగిన సెంట్రిఫ్యూజ్, ఇంక్యుబేటర్ వేరే కొనాలి. ఒక వేసవిలో మాకు వచ్చిన పెట్టెలో సగం కార్డుల జెల్ ఎండి పగిలిపోయి ఉంది. నమూనా పూర్తిగా గడ్డకట్టకముందే సీరం తీస్తే ఫైబ్రిన్ (రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్) పోగులు కణాలను పైనే పట్టేసి, లేని తేడాను చూపిస్తాయి; అప్పుడు నమూనాను మళ్ళీ తిప్పడమో, గడ్డకట్టనివ్వని ఈడీటీఏ కలిపి తీసిన రక్తపు ప్లాస్మాతో చేయడమో తప్పదు. తీవ్ర రక్తస్రావం అవుతున్న రోగికి ఆ పాతిక నిమిషాలు కూడా ఎక్కువే కనుక, అప్పటికప్పుడు తిప్పి చూసే ట్యూబు పరీక్షను మేము మానలేదు.

ఇంత మంచి కార్డు కూడా నమూనా ఎవరిదో చెప్పలేదు. వార్డులో ఒకరి రక్తంపై మరొకరి పేరు అంటిస్తే, గొట్టం అడుగున చక్కటి బొట్టే కనబడవచ్చు. అందుకే మంచం దగ్గరే లేబుల్ రాయని నమూనాను, పాత రికార్డుతో గ్రూపు కలవని నమూనాను మేము వెనక్కి పంపుతాం.

కొనేవారు, పాడైన కార్డులను కంపెనీవారు వెనక్కి తీసుకుంటారా, సెంట్రిఫ్యూజ్ కాలిబ్రేషన్ ఎవరి బాధ్యత అన్న రెండు సంగతులూ కొటేషన్‌లోనే రాయించుకోవాలి.