మినీ పీసీ బాగానే ఉంది, రిమోటే ఏడిపించింది

హాల్లో టీవీ వెనక మినీ పీసీ బిగించి సినిమాలు చూడటం గురించి ఎవరు రాసినా ప్రాసెసర్‌తో మొదలుపెడతారు. నిజానికి అక్కడ చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 లాంటి 6 వాట్ల చిప్ కూడా 10 బిట్ హెచ్‌ఈవీసీ, వీపీ9, ఏవీ1 అనే మూడు వీడియో ఫార్మాట్లనూ హార్డ్‌వేర్‌లోనే డీకోడ్ చేసేస్తుంది. 8 జీబీ ర్యామ్ ఎక్కువే. లిబ్రెలెక్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టం వేస్తే ఆన్ చేయగానే నేరుగా కోడి అనే వీడియో ప్లేయర్ తెరుచుకుంటుంది, ఏ ఫైలిచ్చినా ఆడేస్తుంది. ఇన్నాళ్లు వాడాక మిగిలిన కోపమల్లా రిమోట్ మీదే.

టీవీ రిమోట్‌తోనే పెట్టెను కూడా నడపాలంటే రిమోట్ నొక్కులను హెచ్‌డీఎంఐ కేబుల్ మీదుగా చేరవేసే సీఈసీ పనిచేయాలి. కనెక్టర్‌లో 13వ పిన్ దానికోసమే ఉంది. రాస్ప్‌బెర్రీ పైలో, స్ట్రీమింగ్ స్టిక్కుల్లో అది ఉండటం మామూలే. పీసీ గ్రాఫిక్స్‌లో మాత్రం పోర్టు ఉంటుంది, పిన్ ఉంటుంది, ఆ పిన్ మీద వచ్చే మాటను వినే సర్క్యూట్ ఉండదు. బోర్డు మీదే సీఈసీ ఇచ్చిన మోడళ్లు ఏవో కొన్ని ఉన్నాయి, డబ్బా మీద స్పష్టంగా రాసి ఉంటే తప్ప లేదనే అనుకోవాలి. హెచ్‌డీఎంఐ మధ్యలో తగిలించే యూఎస్‌బీ సీఈసీ అడాప్టర్లు దొరుకుతాయి కానీ, అవి 4కే 60 హెర్ట్జ్‌ను, వెలుగునీ రంగుల్నీ మెరుగ్గా చూపే హెచ్‌డీఆర్‌ను దాటనిస్తాయో లేదో ముందే చూసుకోవాలి.

అందుకే అందరూ చివరికి కొనేది యూఎస్‌బీలో పెట్టే చిన్న 2.4 గిగాహెర్ట్జ్ రేడియో రిసీవర్‌తో, అంటే డాంగిల్‌తో వచ్చే, గాల్లో కదిపితే తెర మీద మౌస్ కదిలే ఎయిర్ మౌస్ రిమోట్. అసలు తంటా అక్కడే మొదలవుతుంది.

మెనూలో ఎంతసేపు తిరిగినా రిమోట్ చక్కగా పనిచేస్తుంది. సినిమా పెట్టి, మధ్యలో పాజ్ నొక్కితే చలనం ఉండదు. మూడుసార్లు నొక్కితే రెండు అందుతాయి, అంటే ఆగి మళ్లీ నడుస్తుంది. ఇంకా చిరాకైనది మరొకటుంది. కింది బాణం ఒక్కసారి నొక్కితే జాబితా మొత్తం జారుకుంటూ అడుగుకి పోతుంది. నొక్కిన సంకేతం అంది, వదిలిన సంకేతం దారిలో పోతే, బటన్ ఇంకా నొక్కే ఉందని పీసీ అనుకుంటుంది మరి. ఎవరైనా ముందు బ్యాటరీలు మారుస్తారు, తర్వాత రిమోట్‌నే మారుస్తారు, ఆ తర్వాత కోడిని తిడతారు. ఏదీ కారణం కాదు.

కారణం డాంగిల్ పక్క పోర్టులో ఉన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. యూఎస్‌బీ 3.0 సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో నడుస్తుంది. ఆ డేటాను గజిబిజి చేసి పంపుతారు కాబట్టి దాని రేడియో రొద ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఆగదు, విశాలంగా పరుచుకుంటుంది. 2.4 నుంచి 2.5 గిగాహెర్ట్జ్ భాగం అందులోనే పడుతుంది. ఇంటెల్ 2012లోనే దీనిమీద ఒక పత్రం వెలువరించింది. యూఎస్‌బీ 3.0 డిస్క్ తగిలించగానే ఆ బ్యాండులో రొద దాదాపు 20 డెసిబెళ్లు పెరగడం అందులోని కొలతల్లో ఉంది. ఈ రొద పోర్టులోంచీ, డిస్క్ కేబుల్‌లోంచీ, డిస్క్ డబ్బాలోంచీ బయటికొస్తుంది. డాంగిల్‌కి అది రెండు సెంటీమీటర్ల దూరం, సోఫాలోని రిమోట్ మూడు మీటర్ల దూరం. చెవి పక్కన మైకు పెట్టి, వీధి చివరి నుంచి పిలిచిన పిలుపు వినమన్నట్టు ఉంటుంది దాని పని.

మెనూలో బాగుండి సినిమాలో చెడటానికి కారణం కూడా ఇదే. కోడి డేటాబేసు, పోస్టర్లు లోపలి ఎస్‌ఎస్‌డీలో ఉంటాయి. మెనూ తిరుగుతున్నంతసేపూ డిస్క్ నిద్రలో ఉంటుంది, లింకు కూడా తక్కువ పవర్‌లోకి జారుతుంది. ఫైలు తెరవగానే రెండూ మేలుకుంటాయి. ఇదే తేడా అవునా కాదా అని తేల్చుకోవడం సులువు: అదే ఫైలును ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేసి, డిస్క్ పీకేసి, ఆడించి, పాజ్ నొక్కి చూడండి. ప్రతి నొక్కూ అందితే దొంగ దొరికినట్టే.

మందు చవకే. డాంగిల్‌ను ఒక మీటరు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్‌కి తగిలించి, టీవీ కింది అంచు దగ్గరికి, సోఫాకి కనబడేలా తీసుకురండి. డిస్క్ కేబుల్‌తో కలిపి కట్టకండి. నా వాడకంలో ఇదొక్కటే సమస్యను మూడొంతులు తీర్చింది. మిగతా వంతుకి డిస్క్‌ను యూఎస్‌బీ 2.0 పోర్టులోకి మార్చాను. 4కే సినిమాకి అది సరిపోదని అనుమానం అక్కర్లేదు. 4కే బ్లూరే డిస్కుకి గరిష్ఠ రేటు సెకనుకు 128 మెగాబిట్లు, అంటే 16 మెగాబైట్లు. యూఎస్‌బీ 2.0 వాస్తవంగా 30 నుంచి 40 మెగాబైట్లు ఇస్తుంది. బాధల్లా కాపీ చేసేటప్పుడే: 50 జీబీ ఫైలు ఎక్కడానికి 20 నుంచి 28 నిమిషాలు పడుతుంది. అప్పటికి మాత్రం నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టుకి మార్చుకుంటే సరి.

బ్లూటూత్ రిమోట్ కొంటే తప్పించుకోవచ్చనుకోవద్దు, అదీ 2.4లోనే నడుస్తుంది. పైగా మినీ పీసీలో యాంటెన్నాలు పోర్టులకి అంగుళాల దూరంలో, మూత లోపలే అతికించి ఉంటాయి. వైఫై కూడా 2.4 మీద ఉంటే సినిమా నడుస్తున్నప్పుడు కుంటుతుంది, 5 గిగాహెర్ట్జ్‌కి మార్చేయండి.

రేడియో గొడవే వద్దనుకుంటే ఇన్‌ఫ్రారెడ్. ఫ్లర్క్ లాంటి యూఎస్‌బీ రిసీవర్ తనను తాను కీబోర్డుగా చెప్పుకుంటుంది, ఏ రిమోట్ బటన్‌కి ఏ కీ అన్నది ఒకసారి నేర్పితే అందులోనే దాచుకుంటుంది. ఇంట్లో ఉన్న టీవీ రిమోట్ బటన్లే నేర్పితే టీవీ కూడా స్పందించి రభస చేస్తుంది. ఇంట్లో లేని పరికరం కోడ్‌కి సెట్ చేసిన యూనివర్సల్ రిమోట్ వాడాలి. రిసీవర్ ఎదురుగా కనబడాలి కాబట్టి ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఇక్కడా తప్పదు.

ఎయిర్ మౌస్‌తోనే ఉండేవాళ్లకి ఇంకో రెండు పనులుంటాయి. వాటి బ్యాక్ బటన్ కొన్నింట్లో ఎస్కేప్ పంపుతుంది, కొన్నింట్లో మౌస్ రైట్ క్లిక్. కోడిలో వెనక్కి వెళ్లే కీ బ్యాక్‌స్పేస్. ఏ బటన్‌కి ఏ పని అని చెప్పే కీమ్యాప్‌ను ఒకసారి సరిచేస్తే చాలు. ఇక పవర్ బటన్‌తో ఆపేసిన పీసీ మళ్లీ లేవకపోతే బయోస్‌లో, అంటే పీసీ మూల సెట్టింగుల్లో, ఈఆర్‌పీ అనే కరెంటు పొదుపు సెట్టింగు ఆపి, యూఎస్‌బీ వేక్ ఆన్ చేయాలి. ఈఆర్‌పీ ఆన్‌లో ఉంటే పీసీ ఆపేశాక పోర్టులకి కరెంటే రాదు, డాంగిల్ ఎలా వింటుంది?

ఇంత తిట్టాక ఒక మెచ్చుకోలు. కోడి ప్లేయర్ సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు మార్పును 'మొదలైనప్పుడు, ఆగినప్పుడు' అని పెడితే, 23.976 ఫ్రేముల సినిమాకి టీవీ కూడా 23.976 హెర్ట్జ్‌కి మారుతుంది. తెర ఒకటి రెండు సెకన్లు నల్లబడుతుంది, అంతే. కెమెరా నెమ్మదిగా పక్కకి తిరిగే షాట్లలో 60 హెర్ట్జ్ దగ్గర కనబడే చిన్న కుదుపులు మాయమవుతాయి. మామూలు టీవీ యాప్‌లలో చాలావాటికి ఇది ఇప్పటికీ సరిగా రాదు.

ఏ ఫైలిచ్చినా ఆడేస్తుందన్నాను గదా, హెచ్‌డీఆర్‌లో ఒక రకమైన డాల్బీ విజన్‌లో ప్రొఫైల్ 5 ఫైలు పెడితే ముఖాలు ఆకుపచ్చగా, ఊదాగా కనబడతాయి. మిగతా డాల్బీ విజన్ ఫైళ్లు చాలావరకు మామూలు హెచ్‌డీఆర్ 10గా ఆడతాయి. 6 వాట్లన్నదీ కాగితం మీది మాటే. కొన్ని పెట్టెల్లో బయోస్‌లో ఆ పరిమితిని 15కో 20కో పెంచి పంపుతారు, టీవీ వెనక వేడిలో ఫ్యాన్ చప్పుడు రాత్రిపూట తెలుస్తుంది. పరిమితిని తగ్గించినా వీడియో ఆడటంలో తేడా రాలేదు. లిబ్రెలెక్ బదులు మామూలు లినక్స్ డెస్క్‌టాప్ వేసి బ్రౌజర్లో స్ట్రీమింగ్ చూద్దామంటే, వైడ్‌వైన్ అనే కాపీ రక్షణలో అడుగు మెట్టయిన ఎల్3 దగ్గరే ఆగిపోతారు. చాలా సర్వీసులు దానికి 4కే ఇవ్వవు.

సొంత ఫైళ్లు టెరాబైట్లలో ఉండి, బయోస్‌లోకి వెళ్లడానికి జంకనివాళ్లకి నాకైతే ఇంతకంటే మంచి పెట్టె తోచదు. చందాలు కట్టి స్ట్రీమింగ్ మాత్రమే చూసేవాళ్లకి స్టిక్ చాలు. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్క రిమోట్‌తోనే టీవీ వేసుకుని కట్టేయాలనుకుంటే, సీఈసీ ఉన్న పెట్టె దొరికేదాకా నేను దీన్ని వాళ్ల హాల్లో పెట్టను.