వాల్వు యాంప్ కిట్ కొనేవాళ్లు టంకం వేసే ముందు ఇది చదవండి

మాది రాయగడ. నెల క్రితం ఈఎల్84 వాల్వులతో (పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టాల్లాంటివి) స్టీరియో యాంప్లిఫయర్ కిట్ తెప్పించాను. 14,500 రూపాయలు, మొత్తం ముందే కట్టించుకున్నారు. అమ్మినవాళ్ల పేరు రాయను. రేపు ఇంకో పేరుతో వస్తారు, సరుకు మాత్రం ఇదే ఉంటుంది. అందుకే సరుకు సంగతే చెబుతాను.

మూడు రాత్రులు కూర్చుని కట్టాను. స్విచ్ వేయగానే వాల్వులు మెల్లగా ఎర్రబడుతుంటే ఇంట్లో అందరూ చుట్టూ చేరారు. సన్నాయి కచేరీ పెట్టాను. సన్నాయి బాగానే పలికింది. డోలు మాత్రం నూనె డబ్బా మీద కొట్టినట్టుంది.

వాల్వు నుంచి స్పీకర్‌కి పాటని అందించే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఊడదీసి మా వీధి చివర మోటార్ వైండింగ్ కొట్టు పెద్దాయనకి చూపించాను. మూత విప్పి, నల్లరంగు గోటితో గీకి, "ఇది పాటలది కాదు బాబూ, కరెంటుది" అన్నారు. ఛానెల్‌కి ఒకే పవర్ వాల్వు ఉండే సర్క్యూట్‌లో ట్రాన్స్‌ఫార్మర్‌లో వాల్వు వైపు ఉండే ప్రైమరీ చుట్ట గుండా డీసీ ఆగకుండా పారుతుంటుంది. అందుకే 'ఈ' ఆకారం రేకులన్నీ ఒకవైపు, 'ఐ' రేకులన్నీ ఇంకోవైపు పేర్చి నడుమ పల్చటి కాగితం పెట్టాలి. నాకు పంపినదాంట్లో రేకులు అటొకటి ఇటొకటి అల్లేసి ఉన్నాయి. డీసీ పుట్టించే అయస్కాంతంతోనే ఆ రేకుల దొంతర (కోర్) నిండిపోతే డోలుకి చోటెక్కడిది?

ఈ పరీక్ష మీరే చేసుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్‌ని దేనికీ కలపకుండా, స్పీకర్ తగిలించే 8 ఓంల వైపు 6.3 వోల్టుల ఏసీ ఇచ్చి రెండో వైపు కొలవండి. ఈఎల్84కి 5,000 ఓంలు కావాలి, దాన్ని 8తో భాగించి వర్గమూలం తీస్తే చుట్ల నిష్పత్తి 25, మీటర్ 157 వోల్టులకి అటూఇటూ చూపాలి. ఆ తీగల మీద చెయ్యి పడనివ్వకండి. నాకు 92 వచ్చింది. లెక్క కడితే 1,700 ఓంలు. 230 నుంచి 15 వోల్టులకి దించే మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌కి రంగు పూసి అంటగట్టారన్నమాట.

ఇంకో ఘోరం పవర్ సప్లైలో చార్జి నిలవుంచే కెపాసిటర్లు. కిట్‌లో 350 వోల్టులవి ఇచ్చారు. 250 వోల్టుల వైండింగ్‌కి ఏసీని డీసీ చేసే డయోడ్లు పెడితే, వాల్వులు వేడెక్కి కరెంటు లాగేదాకా వోల్టేజీ ఏసీ అల శిఖరానికి, అంటే 353 దాకా ఎక్కుతుంది. మా సప్లై రాత్రిపూట 240 దాటుతుంది, ఇక చెప్పేదేముంది. అవి పేలకపోవడం నా అదృష్టం. 450 వోల్టులవే వేయండి. ఆపేశాక కూడా వాటిలో చార్జి మిగిలే ఉంటుంది, రెసిస్టర్‌తో దించాకే లోపల చెయ్యి పెట్టండి.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే "టంకం పడ్డాక వాపసు లేదండీ" అన్నాడు. ఫొటోలు పంపాక ఫోనే ఎత్తడం లేదు. పార్సిల్ విప్పిన రోజే కొలిచి ఉంటే నా మాట నెగ్గేది.

పెద్దాయన కొత్తవి చుడుతున్నారు, కాగితం పెట్టి మరీ. విశాఖలో 450 వోల్టుల మంచి కెపాసిటర్లు దొరికే కొట్టు ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వచ్చే వారం రైలెక్కుతున్నాను.