ఏకాండి వీణ, అతుకు దూలం: బొబ్బిలి నుంచి కళింగపట్నం దాకా

ఊరంతా కూర్చునే మండపాన్ని ఇంజనీర్డ్ వుడ్‌తో, అంటే పలకలు, పొరలు జిగురుతో అతికించి చేసే చెక్కతో, కట్టించాలనుకునేవాళ్లు డ్రాయింగులకు ముందు రెండు రోజులు ఈ దారిలో తిరగడం మంచిది.

మొదట గొల్లపల్లి. విజయనగరం కాంప్లెక్స్ నుంచి బొబ్బిలి సుమారు 55 కిలోమీటర్లు, గొల్లపల్లి ఆ పక్కనే. కుండ, దండి అన్నీ ఒకే పనస మొద్దులోంచి తొలిస్తే అది ఏకాండి వీణ. అతుకు లేకపోవడమే దాని గొప్ప. పలకలు అతికించి చేసే గ్లూలామ్ దూలానిది ఎదురు లెక్క. లావు మొద్దు పైన ముందు ఆరుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది, అందుకే పగులుతుంది. అదే 25 నుంచి 45 మిల్లీమీటర్ల పలకలైతే తేమ 12 శాతం దగ్గరకు సమంగా దిగుతుంది. ముడులున్న చోట కోసేసి, వేళ్లు పెనవేసినట్టు చివరలు కలిపి, జిగురుతో ఒకదానిపై ఒకటి అదుముతారు. మిగిలిన చిన్న లోపాలు ఒకే చోట పడవు. బలం అక్కడ వస్తుంది.

విజయనగరంలో బస సులువే, సిరిమానోత్సవం మంగళవారం తప్ప. పూజారిని మోసే ఆ సిరిమాను కూడా ఒక్క చింతమానే, కాకపోతే ఏటా కొత్తది. మండపానికి ఆ వెసులుబాటు లేదు.

రెండో రాత్రికి శ్రీకాకుళం నయం. రైల్లో వచ్చేవాళ్లు గమనించాలి: శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, ఊళ్లోకి మళ్లీ బస్సో ఆటోనో ఎక్కాలి. ఆదివారాలు, రథసప్తమి అరసవల్లి రద్దీ రోజులు; గది ముందే చూసుకోవాలి. శ్రీకూర్మం, కళింగపట్నం ఒకే రోజు చూడాలంటే బస్సులతో సాగదు. కారు రోజంతా మాట్లాడుకుని, వెయిటింగ్ చార్జీ ముందే తేల్చుకోండి.

శ్రీకూర్మం గుడిలో శిల్పంతో పాటు స్తంభాల మధ్య దూరాన్నీ అడుగులతో కొలవండి. రాయి బరువును మోస్తుంది కానీ వంగుడును ఓర్చదు, అందుకే స్తంభాలు అంత దగ్గర. గ్లూలామ్ దూలం 12 మీటర్లు నడుమ ఆనుకోకుండా దాటగలదు. తొలి అంచనాకు లోతు 700 మిల్లీమీటర్లు అనుకోవచ్చు. గ్రామసభలో వెనక కూర్చున్నవాళ్లకు స్తంభం అడ్డు రాదు.

అసలు పాఠం కళింగపట్నంలో ఉంది. తీరం పక్క ఇళ్ల కిటికీ ఊచలు, బోల్టులు చూడండి. ఉప్పుగాలి వాటిని ఎలా తినేస్తుందో తెలుస్తుంది. దూలాలను కలిపే ఇనుప ప్లేట్లకు మామూలు పెయింటు కొడితే ఇక్కడ పనికిరావు. హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పూత వేయడం) లేదా స్టెయిన్‌లెస్ కావాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. గోడల్లేని మండపంలో గాలి కిందినుంచి దూరి కప్పును పైకి లేపుతుంది. ఈ చెక్క బరువు కాంక్రీటులో ఐదో వంతే. లారీకి ఎక్కించేటప్పుడు అది లాభం, తుపాను రాత్రి నష్టం. కప్పు నుంచి దూలానికి, దూలం నుంచి స్తంభానికి, స్తంభం నుంచి పునాదికి ఇనుప కట్టు ఎక్కడా తెగకూడదు.

స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో 2011లో పూర్తయిన మెట్రోపోల్ పారాసోల్ అనే భారీ చెక్క పందిరికి పాలీయురిథేన్ పూత వేశారు. మన వానలకు పూతను మాత్రమే నమ్ముకోకూడదు; చూరు కనీసం 1.2 మీటర్లు బయటికి రావాలి. దూలం కోసిన చివరలే ముందుగా నీళ్లు తాగుతాయి, వాటికి రేకు తొడగాలి.

ప్లైవుడ్ దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. 'ఎంఆర్' (తేమను కొంత ఓర్చే) గ్రేడు ఇంటి లోపలికి మాత్రమే. బయటికి ఐఎస్ 710 ప్రమాణం ఉన్న మెరైన్ ప్లైవుడ్ కావాలి, దాని పరీక్షలో ముక్కను 72 గంటలు మరిగిస్తారు. షాపువాడిచ్చిన ముక్కను ఓ పూట మరగబెట్టండి, పొరలు విడిపోతే ఆ సరుకు వద్దు.

స్తంభం పాదం అరుగుకు 300 మిల్లీమీటర్ల ఎత్తున ఉక్కు బూటులో నిలవాలి. అందం కోసం ఆ ఖాళీని టైల్స్‌తో మూసేద్దామని మేస్త్రీ అంటాడు. ఒప్పుకోవద్దు, చెదల మట్టిబాట కంటపడేది అక్కడే.